తడి పాదానికీ అలసిన పాదానికీ: ట్రయాథ్లాన్ బూట్లతో ఆరేళ్లు

నీళ్లలోంచి బయటికి వచ్చి తడి పాదాలతోనే సైకిలెక్కి, సైకిల్ దిగిన మరుక్షణం పరుగందుకోవాల్సిన ఈ ఆటలో, నేను పాదరక్షల గురించి పడినంత తర్జనభర్జన మరే సామగ్రి గురించీ పడలేదు. ఆరేళ్లలో మూడు రకాల ఏర్పాట్లు వాడి చూశాను. మొదటి రెండేళ్లు ఒకే జత పరుగు బూట్లతో సైకిల్ కూడా తొక్కాను. తరువాత ఒక ఏడాది మామూలు రోడ్ సైక్లింగ్ బూట్లు వాడాను. గడచిన మూడేళ్లుగా ట్రయాథ్లాన్ కోసమే తయారుచేసిన సైక్లింగ్ బూట్లనూ, సాగే లేసులు బిగించిన పరుగు బూట్లనూ వాడుతున్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా ఈ మూడో ఏర్పాటు గురించే అయినా, మొదటిదాన్ని ఎందుకు వదులుకున్నానో చెప్పకపోతే దీని విలువ తెలియదు.

ఒకే బూటుతో రెండు పనులూ కానిచ్చేయవచ్చునన్న ఆలోచన వినడానికి చాలా బాగుంటుంది. క్లిప్ పెడల్‌కు (బూటు అడుగును పట్టి ఉంచే పెడల్‌కు) తగిలించుకునే వెడల్పాటి పలక మీద పరుగు బూటును పెట్టి పట్టీతో బిగిస్తే, సైకిల్ దిగాక బూట్లు మార్చుకునే సమయం మిగులుతుంది. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్ పోటీల్లో ఈ ఏర్పాటు నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఆటకు కొత్తవారికి ఇప్పటికీ ఇదే చెబుతాను. ఒలింపిక్ దూరానికి, అంటే 1.5, 40, 10 కిలోమీటర్లకు మారినప్పుడే అసలు చిక్కు మొదలైంది. పరుగు బూటు వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నేల తాకిడిని మింగాలి. సైకిల్ బూటు ఎంతమాత్రం వంగకూడదు, కాలి బలాన్ని ఉన్నదున్నట్టు పెడల్‌కు అందించాలి. నిమిషానికి 90 చుట్ల చొప్పున గంటంపావు తొక్కితే ఒక్కొక్క పాదం 6,750 సార్లు పెడల్‌ను నొక్కుతుంది. అన్నిసార్లూ బూటు అడుగునున్న మెత్తని నురుగు (ఫోమ్) కొద్దికొద్దిగా అణగిపోతూ, ఒత్తిడంతా పెడల్ ఉన్నచోటే కేంద్రీకృతమై, 30వ కిలోమీటరు దాటేసరికి అరికాలి ముందుభాగం మంటెత్తేది, బొటనవేలి పక్కనున్న రెండు వేళ్లూ తిమ్మిరెక్కేవి. పైగా బూటు అడుగు మందంగా ఉండడం వల్ల పాదానికీ పెడల్ ఇరుసుకూ మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి సీటు ఎత్తు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. కార్బన్ పలక ఉన్న పరుగు బూటు గట్టిగానే ఉంటుంది కదా అని కొందరు అడుగుతుంటారు. ఆ పలక నురుగు మధ్యలో ఉంటుంది. దాని కింద అణగేది మళ్లీ నురుగే.

మామూలు రోడ్ బూట్లతో మంట తగ్గింది కానీ, తిప్పి బిగించే మీటలను తడి చేతులతో సవరించుకోవడానికే సమయమంతా పోయేది. అందుకే ఏడాదికే మారిపోయాను.

ట్రయాథ్లాన్ సైక్లింగ్ బూటును దగ్గరగా పరిశీలిస్తే, దాని రూపకర్త తడి పాదాన్ని దృష్టిలో పెట్టుకుని పనిచేశాడని అర్థమవుతుంది. పైన ఒకే ఒక్క వెడల్పాటి వెల్క్రో పట్టీ ఉంటుంది, అది క్రాంకుకు (పెడల్‌ను మోసే కడ్డీకి) అవతలి వైపుకు తెరుచుకుంటుంది. బూట్లు ముందే పెడల్‌కు తగిలించి ఉంటాయి, తొక్కుతూ తొక్కుతూ వాటిలోకి పాదం దూర్చేటప్పుడు పట్టీ లోపలివైపుకు వేలాడితే గొలుసు చక్రంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది కనుక ఈ చిన్న మార్పుకు పెద్ద విలువ ఉంది. మడమ వెనక ఉచ్చులాంటి ఉంగరం ఉంటుంది. కుడి పెడల్ ముందుకు వచ్చేలా క్రాంకును అడ్డంగా నిలిపి, కుడి బూటు ఉంగరాన్ని ముందు డెరైలర్‌కూ (గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి మార్చే పరికరానికీ), ఎడమ బూటు ఉంగరాన్ని వెనక చక్రం ఇరుసు దగ్గరి లివరుకూ సన్నని రబ్బరు బ్యాండ్లతో కడితే బూట్లు నేలకు సమాంతరంగా నిలుస్తాయి. ఎక్కి రెండు తొక్కుళ్లు తొక్కగానే బ్యాండ్లు వాటంతటవే తెగిపోతాయి. ఈ పద్ధతి చేతికి రావడానికి నాకు పది పన్నెండు సార్లు సాధన అవసరమైంది. బూట్లు పెడల్‌కే ఉండిపోయి వాటితో నడవాల్సిన పని తప్పడం వల్ల క్లీట్లు (బూటును పెడల్‌కు తగిలించే అడుగు బిళ్లలు) అరగకపోవడం నేను ఊహించని లాభం.

మూడేళ్ల వాడకంలో కార్బన్ అడుగుభాగానికి పగులు కూడా రాలేదు. అడుగున ఉన్న రంధ్రాలు నీటిని చక్కగా వదిలేస్తాయి, చలి ఉదయాల్లో మాత్రం వేళ్లు కొయ్యబారతాయి. వెల్క్రో పట్టీలో దారప్పోగులు చేరి రెండో ఏడాదికే పట్టు సడలింది. సూదితో శుభ్రం చేస్తే కొంత కుదుటపడింది. పట్టీని విడిగా మార్చుకునే వీలు కల్పించి ఉంటే ఈ బూటు ఇంకో మూడేళ్లు నిశ్చింతగా పనిచేసేది.

అన్నిటికంటే నన్ను బాధించింది ఎడమ బూటులో చిటికెన వేలి పక్కన ఉన్న కుట్టు. లోపలి అస్తరు రెండు ముక్కలు కలిసేచోట దారం సన్నని గట్టులా పైకి లేచి ఉంది. పొడి చేత్తో తడిమితే తెలియనే తెలియదు. మేజోళ్లు లేని తడి పాదం మాత్రం గంటసేపు దాని మీదే ఒరుసుకుంటుంది, పరుగు మొదలయ్యే వేళకు అక్కడ బొబ్బ సిద్ధంగా ఉంటుంది. అప్పటినుంచీ ఏ బూటునైనా కొనేముందు చేతి బొటనవేలిని నీటిలో తడిపి లోపలంతా నెమ్మదిగా తిప్పి చూస్తున్నాను. తడిసిన చర్మానికి పట్టుకునే గట్టు ఎక్కడుందో క్షణంలో తెలిసిపోతుంది. తయారీదారులు కూడా ఈ పరీక్ష చేయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

క్లీట్‌ను నేను దాన్ని బిగించే మర రంధ్రాలు అనుమతించినంత మేర వెనక్కి, మడమ వైపుకు జరుపుకున్నాను. దాంతో పిక్కల మీద భారం తగ్గి, పరుగు మొదటి కిలోమీటరులో కాళ్లు బిగుసుకుపోవడం చాలావరకు పోయింది. ఇంకొంచెం వెనక్కి జరపాలని ఉంది కానీ రంధ్రాలు అక్కడితో అయిపోయాయి. సైకిల్ పందాలకు మాత్రమే గీసిన కొలతలను యథాతథంగా ఈ బూటుకూ వాడినట్టున్నారు. తొక్కడం పూర్తయ్యాక ఇదే కాలు పరుగెత్తాలన్న ఆలోచన నమూనా గీసేటప్పుడే ఉండాల్సింది.

పరుగు బూటు విషయంలో నా ఫిర్యాదు ఇంకా స్పష్టమైనది. గంటకు పైగా తొక్కి దిగిన పాదం, అంగడిలో కొలత ఇచ్చిన పాదం కాదు. అది కొద్దిగా వాచి, సగం తిమ్మిరెక్కి, చెమటతో తడిసి ఉంటుంది. అందుకే అర సైజు పెద్దది తీసుకుంటాను. సాగే లేసులతో బూటు రెండు మూడు సెకన్లలో పడుతుంది, అయితే వాటి బిగువు పాదమంతటా ఒకేలా ఉండడం వల్ల మడమ జారుతుంది. పై రెండు రంధ్రాల దగ్గర విడిగా ముడి వేసి ఆ లోపం సరిచేసుకున్నాను. నా మొదటి జతలో బూటు నాలుక (లేసుల కింద ఉండే మెత్తని పట్టీ) రెండు పక్కలా కుట్టి లేకపోవడంతో, తొందరలో పాదం దూర్చిన ప్రతిసారీ అది లోపలికి మడతపడేది. ఒక పోటీలో ఆ మడత మీదే 10 కిలోమీటర్లూ పరుగెత్తాను, చీలమండ ముందున్న చర్మం లేచిపోయింది. ఇప్పటి జతలో నాలుక అస్తరుతో కలిసే ఉంది, మడమ అంచు వెనక్కి వంగి వేలికి అందుతుంది.

నురుగు మందం గురించి కూడా చెప్పాలి. రోడ్డు పోటీలకు ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య అనుమతించే గరిష్ఠ మందం 40 మిల్లీమీటర్లు. ఆ హద్దుకు దగ్గరగా ఉన్న మెత్తటి బూటు విడిగా పరుగెత్తినప్పుడు నాకు హాయిగానే అనిపించింది కానీ, సైకిల్ దిగిన వెంటనే కాళ్లు ఇంకా గుండ్రంగా తిరుగుతున్నట్టే ఉండే ఆ మొదటి పది నిమిషాల్లో, మలుపుల దగ్గర చీలమండ పక్కకు ఒరిగేది. కాస్త పలుచగా, అడుగున వెడల్పుగా ఉన్నదానికి మారాక ఆ భయం పోయింది. దుకాణంలో నాలుగడుగులు వేసి ఈ తేడా కనిపెట్టడం సాధ్యం కాదు. సైకిల్ తొక్కి వచ్చి తొడుక్కుంటేనే తెలుస్తుంది.

ఒకే తయారీదారు దగ్గర కొన్నా సైకిల్ బూటు అచ్చు వేళ్ల దగ్గర ఇరుకుగా, పరుగు బూటు అచ్చు విశాలంగా ఉండడం నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. రెండింటిలోకీ వెళ్లేది ఒకే పాదం. ఇరుకు బూటులో నలిగిన వేళ్లు తరువాతి పరుగులో కుదురుకోవడానికి ఎంతసేపు పడుతుందో అనుభవించినవారికి చెప్పక్కర్లేదు.

ఇన్ని లోపాలున్నా పోయిన నెల పాత సైక్లింగ్ బూట్ల స్థానంలో మళ్లీ అదే రకం కొన్నాను, ఎందుకంటే పట్టీ తెరుచుకునే దిశ, మడమ ఉంగరం, అడుగు గట్టిదనం మూడూ ఇంత బాగా కుదిరినవి నాకు వేరే దొరకలేదు. ఎడమ చిటికెన వేలి పక్కన ఆ కుట్టు అలాగే ఉంది. ఈసారి మొదటి రోజే దాని మీద పలుచటి బట్ట టేపు అంటించి, తడి వేలితో రెండుసార్లు తడిమి చూసుకున్నాను.