గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలి: ఒక పూట క్లాసుకు వెళ్లొచ్చాను

నెల కిందట మా పది నెలల మనవడు పెన్ను మూత నోట్లో పెట్టుకున్నాడు. వాడే దగ్గి ఉమ్మేశాడు కాబట్టి సరిపోయింది. ఆ కాసేపట్లో నేను చేసిందల్లా వాడి నెత్తి మీద తట్టడం, నీళ్లు తెమ్మని అరవడం. రెండూ పనికిరావని తర్వాత తెలిసింది. సిగ్గేసి ఈ ఫస్ట్ ఎయిడ్ క్లాసులో చేరాను.

మూడు గంటల క్లాసులో మొదటి గంటంతా తెర మీద బొమ్మలు. నిద్రొచ్చింది. ఒక్క మాట మాత్రం పట్టుకున్నాను: పొలమారడం వేరు, అడ్డం పడటం వేరు. దగ్గగలుగుతుంటే గాలి ఆడుతున్నట్టే, ఇంకా గట్టిగా దగ్గమనాలి. మాటా దగ్గూ రాక గొంతు పట్టుకుంటే అప్పుడు మన పని.

అసలు క్లాసు, సాధన కోసం ఒంటికి తొడుక్కునే ఒక చొక్కా బయటికి తీశాక మొదలైంది. దాని ముందు గొట్టంలో ఒక స్పాంజి బిరడా ఉంటుంది, సరిగ్గా నొక్కితే ఎగిరిపోతుంది. ముందు మనిషిని వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి అడుగు భాగంతో 5 దెబ్బలు. పోకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికీ పైకీ 5 సార్లు లాగాలి. అది పోయేదాకా ఇదే వరస. నేను మూడుసార్లు లాగినా బిరడా కదల్లేదు. “అమ్మా, మీరు కౌగిలించుకుంటున్నారు” అన్నాడు నేర్పే అబ్బాయి. నాలుగోసారికి అది ఎగిరి ఎదురుగా కూర్చున్నాయన ఒళ్లో పడింది. ఎంత బలం కావాలో వీడియోలు చూస్తే తెలిసేది కాదు.

ఇక ఫిర్యాదు. ఏడాది లోపు పిల్లలకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద 5 దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్యలో 5 నొక్కులు. నేను వెళ్లిందే దీనికోసం. ఇరవై మందికి ఒకటే పసిబొమ్మ! నా వంతు నిమిషంలో అయిపోయింది. గర్భిణులకు పొట్ట బదులు రొమ్ము మీద నొక్కాలన్నదీ చివర్లో గబగబా చెప్పేశారు.

అడిగితే మాత్రం ఓపిగ్గా చెప్పారు. స్పృహ తప్పితే అత్యవసర నంబరుకు ఫోన్ చేయించి సీపీఆర్ (రొమ్ము నొక్కుతూ, మధ్యమధ్యలో నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలట. నోట్లో వస్తువు కనబడితేనే తీయాలి, కనబడనిదాని కోసం వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. పొట్ట నొక్కి బతికించిన మనిషిని కూడా డాక్టరుకు చూపించాలి, లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. ఇంటికెళ్లి మా అల్లుడి మీద చేసి చూస్తానంటే అందుకే వద్దన్నారు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఇంకో రెండు పసిబొమ్మలు తెస్తే మళ్లీ వస్తాను, ఈసారి అల్లుణ్ణి కూడా తీసుకుని.