డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు కొనేవాళ్లూ, ఈ ఏజెంట్‌తో జాగ్రత్త!

ఎవరి గురించో హైదరాబాద్‌లో చిన్న కంపెనీలు నడిపేవాళ్లకి చెప్పక్కర్లేదు. పేరు రాయను, రాస్తే లాయర్ నోటీసంటాడు. మా దగ్గర జనం పెరిగారు. క్లయింట్ ఫైళ్లకి ఒకరికొకరు పాస్‌వర్డులు చెప్పుకోవడం ఇక కుదరని పని (50 మందిలో ఇద్దరిద్దరికీ ఒకటి చొప్పున అంటే 1225!). అందుకే డిజిటల్‌గా సంతకం పెట్టే సంతకం కీ, తాళం వేసిన ఫైళ్లు తెరిచే ఎన్‌క్రిప్షన్ కీ (కీ అంటే ఒక రహస్య సంఖ్య) రెండూ ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్లు అందరికీ తీసుకున్నాం. "మీకెందుకు శ్రమ, అన్నీ సెట్ చేసి ఆఫీసుకే పంపిస్తా" అన్నాడు. పంపాడు. అన్నిటికీ ఒకటే పిన్, 12345678. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రేటు తక్కువ కదా, కళ్లు మూసుకుపోయాయి.

మొన్న మా అకౌంట్స్ అమ్మాయి టోకెన్ మెట్రోలో పోగొట్టుకుంది. ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా కొత్తది చేతిలో పెట్టాడు. కంప్యూటర్‌కి పెట్టగానే ఎన్‌క్రిప్ట్ చేసిన పాత మెయిళ్లన్నీ తెరుచుకున్నాయి. ఆ అమ్మాయి సంబరపడింది, నాకు చెమటలు పట్టాయి. టోకెన్ లోపల పుట్టిన కీ బయటికి రాదు, ఆ చిప్ ఉన్నదే అందుకు. టోకెన్ పోతే కీ కూడా పోవాలి. మరి ఇదెలా వచ్చింది? టోకెన్‌లో ఉండే సర్టిఫికెట్ (ఈ కీ ఫలానా వాళ్లదని చెప్పే డిజిటల్ పత్రం) తెరిచి సీరియల్ నంబర్ చూశా. సంతకం సర్టిఫికెట్‌కి కూడా అదే పాత నంబర్! అంటే పాత కీకే కాపీ అన్నమాట.

అడిగితే ఏమన్నాడో తెలుసా? "దీనికింత రాద్ధాంతమా మేడమ్? మీవాళ్లందరి కీలూ నా లాప్‌టాప్‌లో భద్రంగా ఉన్నాయి. పోగొట్టుకునేది మీరు, కాపాడేది నేను. థాంక్స్ చెప్పాల్సింది పోయి..."

భద్రంగానట! మా డైరెక్టర్ పేరున ఏ ఫారం మీదైనా, ఏ టెండర్ మీదైనా సంతకం పెట్టేయగలడు ఈ మహానుభావుడు. తీసేయమంటే "అది మా సర్వీసు" అని ఫోన్ పెట్టేశాడు.

ఐటీ చట్టం 2000, సెక్షన్ 42 చూడండి. ప్రైవేట్ కీని (అంటే ఆ రహస్య కీని) కాపాడుకోవాల్సింది సర్టిఫికెట్ ఎవరి పేరున ఉంటే వాళ్లే. కీ బయటపడిందని సర్టిఫైయింగ్ అథారిటీకి (సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకి) చెప్పేదాకా బాధ్యతా వాళ్లదే. అందుకే అన్నీ రద్దు చేయించాం, ఖర్చు మళ్లీ మొదటి నుంచి. ఇంతా చేస్తే, ఇప్పటిదాకా ఆ కీలతో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు ఎప్పుడు అతని చేతిలో పడినా తెరుచుకుంటాయి. రద్దు చేసినా దానికి మందు లేదు.

కొనేవాళ్లు కీ జనరేట్ చేసేటప్పుడు టోకెన్ మీ కంప్యూటర్‌కే పెట్టించుకోండి, పిన్ మీరే మార్చుకోండి. సంతకం కీకి ఎక్కడా కాపీ ఉండకూడదు. ఎన్‌క్రిప్షన్ కీకి మాత్రం, టోకెన్‌లో పెట్టేముందే తీసిన కాపీ ఒకటి ఉండాలి, లేకపోతే టోకెన్‌తో పాటు ఫైళ్లూ పోతాయి. కానీ ఆ కాపీ మన ఆఫీసులోనే, ఇద్దరు కలిస్తే తప్ప తెరవలేని చోట ఉండాలి. అమ్మేవాడు ఏ అథారిటీ తరఫున అమ్ముతున్నాడో అడిగి, దాని లైసెన్సు సీసీఏ (ఈ అథారిటీలకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ కంట్రోలర్) వెబ్‌సైట్‌లో చూసుకోండి.

అథారిటీకి ఫిర్యాదు పంపి, కాపీ అతనికీ పెట్టా. "రెన్యువల్‌కి డిస్కౌంట్ ఇస్తా మేడమ్" అని మెసేజ్ వచ్చింది.