ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇళ్ల నెత్తి చూడండి, గది తీసుకునే ముందు మెట్లు అడగండి

కాలువ గట్టున నడుస్తూ చూస్తే ఆమ్‌స్టర్‌డామ్ పాత ఇళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. మూడు నాలుగు బారల వెడల్పు, ఇటుక గోడ, పొడుగాటి కిటికీలు. తేడా అంతా నెత్తిన ఉంటుంది. అందుకే ఇంటి ముందు కాకుండా కాలువ అవతలి గట్టున నిలబడాలి. హెరెన్‌గ్రాఖ్ట్ కాలువ మీద 168, 170 నంబర్ల ఇళ్లకు ఎదురుగా నిలబడితే సగం పాఠం అక్కడే అయిపోతుంది. 170–172 బార్తొలొట్టి ఇల్లు 1617 ప్రాంతంలో వాస్తుశిల్పి హెండ్రిక్ డి కైజర్ పనితనం. ఎర్ర ఇటుక మీద తెల్లరాతి నగిషీలు, కాలువ వంపు తిరిగిన చోట గోడ కూడా వంగింది. పక్కనే ఉన్న 168కి మరో వాస్తుశిల్పి ఫిలిప్స్ వింగ్‌బోన్స్ 1638లో లేతరంగు రాతి ముఖం పెట్టాడు, పైన మెడలా సన్నగా లేచిన గోడ. ఏప్రిల్ మొదట్లో అయితే గట్టు మీది చెట్లకు ఆకులుండవు కాబట్టి ఇవన్నీ బాగా కనిపిస్తాయి. జులైలో సగం కొమ్మల చాటునే.

ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికో కొక్కెం. అటక వర్తకుల గోదాము, సరుకేమో ఇరుకు మెట్లలో పట్టదు. ఇప్పటికీ సోఫాలు, బీరువాలు తాడు కట్టి కిటికీలోంచే ఎక్కిస్తారు. వేలాడే సరుకు గోడకు కొట్టుకోకూడదని చాలా ఇళ్లను ముందుకు వాల్చే కట్టారు. పక్కకు ఒరిగిందంటే మాత్రం పునాది కథ. ఇక్కడిది బురద నేల, దాదాపు 12 మీటర్ల లోతున ఇసుక తగిలేదాకా చెక్క దుంగలు దింపారు (డామ్ కూడలిలోని ప్యాలెస్ ఒక్కదాని కిందే 13,659). నీళ్లలో మునిగి ఉన్నంత కాలం చెక్కకు ఢోకా లేదు. నీటిమట్టం తగ్గి దుంగ తల గాలికి తేలితే కుళ్లు మొదలవుతుంది, ఇల్లు ఓ పక్కకు కుంగుతుంది.

ఆ ఇరుకు మెట్లే బసకు కూడా చిక్కు. కాలువ ఇంటి హోటల్ ఫొటోల్లో ముచ్చటగానే ఉంటుంది, కానీ చాలావాటికి లిఫ్టు లేదు. మెట్లు నిచ్చెనంత నిటారు, ఒక్కో మెట్టు మీద అరపాదమే ఆనుతుంది. 23 కిలోల సూట్‌కేసుతో మూడో అంతస్తు ఎక్కడం మాటలు కాదు. బుక్ చేసేముందు లిఫ్టు ఉందా, గది ఏ అంతస్తులో అని రాసి అడగండి. అమ్మానాన్నలు వెంట ఉంటే ఐ (IJ) జలమార్గం అవతల నూర్డ్ (ఉత్తర భాగం) వైపు కొత్త హోటళ్లే నయం. సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి పడవ ఉచితం, రాత్రిళ్లు కూడా తిరుగుతుంది. గది ధర మీద 12.5 శాతం పర్యాటక పన్ను ఉంటుంది, ముందు చూపించిన ధరలో అది కలిసిందో లేదో చూసుకోండి.

ట్రామ్‌లో నగదు చెల్లదు. బ్యాంకు కార్డు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ తాకించాలి. దిగేటప్పుడు మరిచిపోతే ఎక్కువ కోస్తారు. మన కార్డుల్లో విదేశీ కాంటాక్ట్‌లెస్ చెల్లింపులు బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేసుకోకపోతే గేటు తెరుచుకోదు.

నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్ ఇంటి టికెట్లు ఆన్‌లైన్‌లోనే. ప్రతి మంగళవారం అక్కడి ఉదయం 10కి, ఆరు వారాల తర్వాతి తేదీలకు వదులుతారు. మనకు వేసవిలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. దొరక్కపోతే కైజర్స్‌గ్రాఖ్ట్ కాలువ మీద 672 నంబరు, వాన్ లూన్ మ్యూజియంకు వెళ్లండి. కాలువ ఇంటి లోపలి గదులు, వెనక తోట చూడాలంటే నా ఓటు దీనికే.