సబ్బు నీళ్ళా, వేపనూనెనా, స్పిరిట్టా: ఇంట్లోని మొక్కలకు పురుగు పడితే ఏది మేలు?

రోహిణి కార్తెలో పడమటి గాలి మొదలైందంటే ఒంగోలులో పగటిపూట కిటికీ తెరిచే ఇల్లు ఉండదు. తలుపులు మూసి ఏసీ వేసుకుంటే మనుషులకు ప్రాణం కుదుటపడుతుంది గాని, గది మూలనున్న కుండీ మొక్కకు ఆ గాలిలోనూ తేమ ఉండదు. గత వేసవిలో మా హాల్లోని అరెకా పామ్ ఆకులు అలాగే వెలవెలబోయాయి. నీళ్ళు చాలలేదనుకుని మరో చెంబు పోశాను. వారం తిరిగేసరికి ఆకుల నిండా సూదితో పొడిచినట్లు లేత పసుపు చుక్కలు తేలాయి. అప్పుడు ఒక ఆకు కింద తెల్ల కాగితం పట్టి, ఆకును వేలితో నాలుగైదు సార్లు తట్టాను. కారప్పొడి రేణువుల్లాంటివి రాలాయి. కదలకుండా చూస్తూ ఉంటే ఆ రేణువులు నడిచాయి. ఆకు అడుగున, ఈనె పక్కన సన్నని సాలెగూడు పోగులు కూడా కనబడ్డాయి. అవి ఎర్రనల్లులు.

ఈ కాగితం పరీక్ష గురించి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఏ మందు మేలన్న ప్రశ్నకు, పట్టిన పురుగు ఏదో తెలియకుండా జవాబు చెప్పలేము. ఎర్రనల్లికి ఎనిమిది కాళ్ళు. అది సాలీడు కుటుంబానికి దగ్గరిది, కీటకం కాదు. అందువల్ల కీటకాల మీద బాగా పనిచేసే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు దాన్ని చంపదు. పైగా ఆ మందు వాడిన తరువాత నల్లి మరింత పెరిగిన సందర్భాలను పరిశోధకులు నమోదు చేశారు. కొమ్మల కణుపుల్లో దూది ముద్దల్లా కనిపించేవి పిండినల్లులు. పేరులో నల్లి ఉన్నా ఇవి కీటకాలే. కాండానికి అతుక్కుని, గోటితో గీకితే పెచ్చులా ఊడివచ్చేవి పొలుసు పురుగులు. మొక్కను కదిలించగానే తెల్లగా లేచి మళ్ళీ వాలేది తెల్లదోమ. లేత చిగుళ్ళ మీద గుంపుగా ఉండేది పేనుబంక. తడి ఆరని మట్టి మీద ఎగిరే చిన్న నల్ల దోమలు ఆకును ముట్టవు. వాటి పిల్లపురుగులు మట్టిలో ఉంటాయి కనుక ఆకులకు ఏది కొట్టినా ప్రయోజనం లేదు, పై మట్టిని ఆరనివ్వడమే వాటికి మందు.

ఇక సబ్బు నీళ్ళ సంగతి. సబ్బు మెత్తని ఒళ్ళు గల పురుగుల పైపొరను దెబ్బతీసి, వాటిలోని తేమ బయటికి పోయేలా చేస్తుంది. ఆ పని సబ్బు నీళ్ళు తడిగా ఉన్నంతసేపే జరుగుతుంది. ఆరిపోయాక ఆకు మీద మిగిలిన సబ్బు ఏ పురుగునూ ఏమీ చేయదు. ఇది దాని బలహీనతా, మంచిగుణమూ కూడా. చిన్నపిల్లలు తిరిగే గదిలో ఆరిన తరువాత భయం ఉండదు, కాని ఆకు అడుగున తడవని ఒక్క మూల మిగిలినా పురుగు మళ్ళీ అక్కడినుంచే మొదలవుతుంది. మొక్కల కోసమే అమ్మే పొటాషియం సబ్బును సీసా మీద చెప్పిన కొలతలో కలుపుకోవడం అన్నింటికన్నా మంచిది. గిన్నెలు తోమే లిక్విడ్ నిజానికి సబ్బు కాదు, డిటర్జెంట్. అది ఆకు మీది మైనపు పొరను కూడా కడిగేస్తుంది.

మా ప్రాంతంలో సబ్బుకు మరో చిక్కు ఉంది. మొదటిసారి బోరు నీళ్ళలో కలిపితే నురగ రాలేదు, తెల్లని తరకలు తేలాయి. ఉప్పు నీళ్ళలోని కాల్షియం సబ్బును పట్టుకుని విరిచేస్తుంది. ఆ నీళ్ళు కొడితే పురుగుకు తగలవలసిన సబ్బు స్ప్రేయర్ జాలీలోనే పేరుకుంటుంది. ఆర్వో నీళ్ళతో గాని, పట్టి ఉంచుకున్న వాన నీళ్ళతో గాని కలిపితే ఈ ఇబ్బంది ఉండదు. బోరు నీళ్ళు తప్ప వేరే గతి లేనివారికి కుంకుడు రసం నయం, ఎందుకంటే అది ఉప్పు నీళ్ళలో కూడా నురగ ఇస్తుంది.

వేపనూనె దారి వేరు. అందులోని అజాడిరక్టిన్ పురుగును నిలబడిన చోట చంపదు. తిండి తగ్గిస్తుంది, పిల్లపురుగు కుబుసం విడిచి పెద్దది కాకుండా అడ్డుపడుతుంది. కాబట్టి ఈ రోజు కొట్టి రేపు ఉదయం లెక్కపెట్టేవారికి వేపనూనె పనిచేయలేదనిపిస్తుంది. నూనె మాత్రం నల్లులనూ వాటి గుడ్లనూ కప్పి ఊపిరాడకుండా చేస్తుంది. సబ్బు గుడ్లను పెద్దగా ఏమీ చేయలేదు గనుక ఇక్కడ వేపనూనెదే పైచేయి. ఎరువుల దుకాణంలో దొరికే 1500 పీపీఎం వేప మందును (ఆ అంకె అందులో అజాడిరక్టిన్ ఎంతుందో చెబుతుంది) లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతారు. గానుగ నూనె అయితే నీటిలో కలవదు కనుక ముందు కొంచెం సబ్బుతో గాని కుంకుడు రసంతో గాని గిలక్కొట్టాలి. దీపారాధనకని అమ్మే వేపనూనెను మొక్కలకు వాడవద్దని నా అభిప్రాయం, అందులో మరే నూనె కలిసిందో సీసా మీద ఉండకపోవచ్చు. ఎండ తగిలే కిటికీ దగ్గరి మొక్కకు పగలు నూనె కొడితే ఆకు మాడుతుంది, సాయంత్రం కొట్టాలి. వాసన విషయం కూడా దాచకూడదు. మూసిన గదిలో ఆ ఘాటు రెండు రోజులు ఉంటుంది, ఉబ్బసం ఉన్నవారి గదిలో నేనైతే వాడను.

స్పిరిట్ పరిధి చిన్నది గాని, ఆ పరిధిలో దానికి సాటి లేదు. మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెవి పుల్ల ముంచి పిండినల్లిని తాకితే, దాని ఒంటి మీది తెల్లని మైనపు పొడి కరిగిపోయి లోపలి గులాబీ రంగు శరీరం బయటపడుతుంది. నీళ్ళలాంటి మందులేవైనా జారిపోయేది ఆ మైనం మీదనుంచే. మొక్కలు రెండు మూడు, ముద్దలు పది పన్నెండు ఉంటే అరగంట పని. మొక్క అంతా పట్టితే పుల్లతో అయ్యేది కాదు. దీపం దగ్గర, గ్యాస్ పొయ్యి దగ్గర సీసా తెరవకూడదు. పైన ఎంత తుడిచినా మొక్క కుదురుకోకపోతే కుండీ నుంచి తీసి వేళ్ళు చూడాలి. వేళ్ళ మీద సున్నం చల్లినట్లు కనబడితే పిండినల్లి మట్టిలోకి దిగిందన్నమాట. వేళ్ళు కడిగి, ఆ మట్టి పారేసి, కొత్త మట్టిలో నాటడం తప్ప నాకు తెలిసి నమ్మదగిన మార్గం లేదు.

వ్యవసాయం చేసే బంధువులున్న ఇళ్ళకు నాలుగో మందు అడగకుండానే వస్తుంది. "మిర్చికి కొట్టగా మిగిలిందమ్మాయ్, సగం మూత కలిపి చల్లు, ఒక్క పురుగు ఉండదు" అంటూ మా చిన్నాన్న ఒక సీసా తెచ్చారు. సీసా మీద ఎర్ర త్రికోణం ఉంది. మన దేశంలో పురుగుమందుల సీసాల మీద ఎరుపు అత్యంత విషపూరితమని, పసుపు అంతకు కొంచెం తక్కువని, ఆపై నీలం, ఆకుపచ్చ అని గుర్తు. ఎకరం చేనులో గాలికి చెదిరిపోయే మందు వేరు, పది అడుగుల గదిలో మన ఊపిరిలోకి వచ్చే మందు వేరు. చిన్నాన్న నొచ్చుకోకుండా ఆ సీసాను అప్పుడే తిరిగి ఇచ్చేశాను. పొగాకు పండే జిల్లా కనుక పొగాకు కషాయం చేయమనే వారూ ఉన్నారు. అది చెట్టు నుంచి వచ్చినా అందులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయే విషం, పైగా టమాటా, మిరప మొక్కలకు మొజాయిక్ వైరస్‌ను అంటించవచ్చు. ఇంట్లోకి ఆ రెండూ వద్దు.

అయితే ఏది మేలు? ఎర్రనల్లికి, పేనుబంకకు నా ఓటు మొదట మామూలు నీళ్ళకు, తరువాత సబ్బుకు. మొక్కను స్నానాల గదికి తీసుకుపోయి ఆకుల అడుగు భాగాన్ని ధారగా కడిగితే సగానికి పైగా నల్లి అక్కడే పోతుంది. ఆ తరువాత సబ్బు నీళ్ళు, ఐదు రోజులకొకసారి చొప్పున మూడు సార్లు. వేసవి వేడిలో నల్లి గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం, పది రోజులకు మించి పట్టదు; ఒక్కసారి కొట్టి ఊరుకుంటే మిగిలిన గుడ్లు పొదిగి మళ్ళీ మొదటికి వస్తుంది. తెల్లదోమకు వేపనూనె మేలు, తోడుగా పసుపు జిగురు అట్ట. కొద్దిపాటి పిండినల్లికి స్పిరిట్, ఎక్కువైతే స్పిరిట్‌తో తుడిచాక వారానికోసారి వేపనూనె. పొలుసు పురుగును ముందు పాత టూత్ బ్రష్‌తో రుద్ది ఊడదీయాలి, ఆ పెచ్చు కింద ఉన్నంతవరకు పైన కొట్టే మందు దానికి సరిగా అందదు. చీమలు కుండీ ఎక్కుతుంటే వాటి దారి కూడా కట్టాలి, ఈ పురుగులు విడిచే తియ్యని బంక కోసం అవి వీటిని కాపలా కాస్తాయి. ఏది వాడినా ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడాలి. ఫెర్న్‌ల వంటి సున్నితమైన మొక్కలు సబ్బును కూడా ఓర్చుకోవు.

మా అరెకాకు మూడు సార్లు సబ్బు నీళ్ళు పడ్డాయి. చుక్కలు పడిన పాత ఆకులు తిరిగి పచ్చబడలేదు, అవి అలాగే ఎండితే కత్తిరించాను. కడియం నర్సరీల నుంచి వచ్చిన ఒక క్రోటన్‌ను ఈమధ్య కొన్నాను గాని, మూడు వారాలు దాన్ని వరండాలోనే విడిగా ఉంచాను. లోపలికి తెచ్చే రోజున రెండింటి కిందా తెల్ల కాగితం పట్టి తట్టి చూశాను. కాస్త దుమ్ము రాలింది, అది కదలలేదు.