పాపువా న్యూగినీకి కెమెరాలతో: ఏం మోసుకెళ్ళాం, ఎక్కడ ఉన్నాం, ఏది బాగుంది

గొరోకాలో విమానం దిగాక అందరి సామానూ వచ్చింది, బావగారి ట్రైపాడ్ ఉన్న బ్యాగ్ మాత్రం రాలేదు. అడిగితే బరువు ఎక్కువైందని కొన్ని బ్యాగులు పోర్ట్ మోర్స్‌బీలోనే దింపేశాం, రేపటి ఫ్లైట్‌లో వస్తాయి అన్నారు. రేపు రాలేదు, ఎల్లుండి మధ్యాహ్నం వచ్చింది. మేం గొరోకా షోకి, అంటే తెగల బృందాలన్నీ వచ్చి నృత్యాలు చేసే పండుగకి, కొన్ని రోజులు ముందే వెళ్ళాం కాబట్టి సరిపోయింది, లేకపోతే అంత ఖర్చు పెట్టి వెళ్ళి మొదటిరోజు అది లేకుండా గడపాల్సి వచ్చేది. అందుకే నన్ను ఎవరు అడిగినా ఏ లెన్స్ తీసుకెళ్ళాలి అన్నది తర్వాత, ముందు ఎన్ని రోజులు ఖాళీగా వదిలారు అనే అడుగుతున్నా.

ఈ దేశంలో రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి హైలాండ్స్‌కి, అంటే కొండ ప్రాంతానికి, రోడ్డే లేదు. గొరోకా అయినా మౌంట్ హాగెన్ అయినా విమానంలోనే వెళ్ళాలి, మధ్యాహ్నం అయ్యేసరికి కొండల మీద మబ్బు కమ్ముకుంటుంది కాబట్టి ఫ్లైట్లు లేటవడం, రద్దవడం అక్కడ మామూలే. పొద్దున్నే ఉన్న ఫ్లైట్ బుక్ చేస్కోండి, వెళ్ళేటప్పుడు ఒకరోజు వచ్చేటప్పుడు ఒకరోజు ఖాళీగా ఉంచుకోండి. అంతర్జాతీయ టికెట్‌కీ లోపలి టికెట్‌కీ మధ్య రెండు గంటలే గ్యాప్ పెట్టుకున్న ఒక జంట మోర్స్‌బీ ఎయిర్‌పోర్టులో ఎలా కూర్చున్నారో చూశాం, చాలా బాధేసింది.

బరువు సంగతి. లోపల తిరిగే విమానాలు చిన్నవి, చెకిన్ బరువు అంతర్జాతీయ ఫ్లైట్‌లో ఇచ్చేదానికన్నా బాగా తక్కువ ఇస్తారు, తల మీద అరలు కూడా చిన్నవి, చక్రాల కెమెరా బ్యాగ్ అందులో పట్టదు. నేను రెండు కెమెరా బాడీలు, లెన్సుల్లో ఒక 24-70, ఒక 70-200, ఒక 35 తీసుకెళ్ళా, బావగారు పక్షుల మనిషి కాబట్టి ఒక బాడీ, 100-400 లెన్స్, ట్రైపాడ్. నా 35 మూడుసార్లు తీశానేమో, అది ఇంట్లో ఉన్నా పర్లేదు. రెండో బాడీ మాత్రం కచ్చితంగా ఉండాలి, అక్కడ రిపేర్ చేసేవాళ్ళు దొరకరు, పైగా షోలో ఎర్రమట్టి దుమ్ములో లెన్స్ మార్చకుండా రెండు మెడలో వేసుకుని తిరగొచ్చు. బ్యాటరీలన్నీ చేతి సంచిలోనే పెట్టాలి, పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్ దాటకూడదు, అంటే దాదాపు 27000 ఎంఏహెచ్ లోపు. ప్లగ్ ఆస్ట్రేలియా రకం, ఏటవాలు పిన్నులది, 240 వోల్టులు. అడాప్టర్ ఒకటే కాదు, చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా పట్టుకెళ్ళండి, మేం ఉన్న గెస్ట్‌హౌస్ రూములో ఒక్కటే ప్లగ్ ఉంది, దానికి రెండు ఫోన్లు మూడు చార్జర్లు.

దోమల మందు గురించి ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు నాకు. డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్‌నీ రబ్బరునీ కరిగిస్తుంది. చేతులకి రాసుకుని అదే చేత్తో కెమెరా పట్టుకున్నా, రెండో రోజుకి గ్రిప్ రబ్బరు వేలికి అంటుకోవడం మొదలైంది, జూమ్ రింగ్ మీద నా వేలిముద్ర అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది. పికారిడిన్ ఉన్నది కొనుక్కోండి, దానికి ఈ బాధ లేదు. దోమల మందు మానేద్దాం అనుకోవద్దు మాత్రం, పశ్చిమ పసిఫిక్ ప్రాంతం మొత్తం మలేరియా కేసుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క దేశంలోనే. మేం డాక్టర్‌ని అడిగి మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకున్నాం, వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, అది వేసుకుంటే ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కాలు తప్పవు. ఇన్సూరెన్స్‌లో విమానంలో ఆస్ట్రేలియాకి తరలించే ఖర్చు కలిపి ఉందో లేదో చదివి తీసుకోండి, పెద్ద జబ్బు చేస్తే ఎక్కువగా అక్కడికే పంపిస్తారు.

మోర్స్‌బీలో మొదటి రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్‌లో ఉన్నాం. ఖరీదు ఎక్కువే, రూము మామూలే, కానీ వాళ్ళ బండే వచ్చి ఎక్కించుకుంది, పొద్దున నాలుగున్నరకి టిఫిన్ డబ్బా కట్టిచ్చారు. ఆ ఊళ్ళో చీకటి పడ్డాక నడిచి తిరగడం మంచిది కాదు కాబట్టి పికప్ లేని చవక రూము తీసుకుని మిగిల్చేదేం లేదు. తెల్లారకముందే వరిరాటా నేషనల్ పార్క్‌కి వెళ్ళాం, ఊరికి 40 కిలోమీటర్లు ఉంటుంది, సొగేరి పీఠభూమి మీద. జెండా మీద ఉండే రగ్గియానా బర్డ్ ఆఫ్ పారడైజ్ మగపక్షులు అక్కడ ఒక చెట్టు మీద చేరి ఆడపక్షుల కోసం ఆడతాయి. ఇక్కడే పెద్ద పొరపాటు చేశాం. రాత్రంతా ఏసీ రూములో ఉన్న కెమెరాలు కారులో కూడా ఏసీలోనే ఉన్నాయి, చెట్టు కిందకెళ్ళి బయటికి తీయగానే ముందు గాజంతా తెల్లగా ఆవిరి పట్టేసింది. తుడిస్తే మళ్ళీ పట్టింది. పైన పక్షి రెక్కలు రెండూ వెనక్కి ఎత్తి కలిపి, నారింజరంగు ఈకలు పొదలా విప్పి తలకిందులుగా వంగుతోంది, బావగారు వ్యూఫైండర్‌లో తెల్లటి పొగ చూస్తున్నారు. "వద్దులే, ఇక తుడవకు, కళ్ళతో చూద్దాం" అన్నారు. లెన్స్ తేరుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, ఆలోపు ఆట అయిపోయింది. మూసిన జిప్ కవర్‌లో పెట్టిన కెమెరాని ముందురోజు రాత్రే ఏసీ తగలని చోట, బాత్రూములో అయినా సరే, ఉంచితే ఈ గొడవ రాదు. తిరుగు ప్రయాణంలో అలాగే చేశాం, బాగా పనిచేసింది.

గొరోకాలో వాతావరణం వేరే, 1600 మీటర్ల ఎత్తు, రాత్రికి స్వెటర్ కావాలి, ఆవిరి బాధ లేదు. విమానం రన్‌వే ఊరి మధ్యలోనే ఉంటుంది. షో సెప్టెంబర్ 16 స్వాతంత్ర్య దినం దగ్గర్లో జరుగుతుంది, 1957 నుంచీ ఉంది, అంటే 1975లో దేశం స్వతంత్రం కాకముందు నుంచీ. ఆ వారం రూములు దొరకడం కష్టం, నెలల ముందు బుక్ చేసినా రేటు మామూలు రోజులకి రెట్టింపు పైనే పడింది మాకు. పెద్ద హోటల్‌కి జనరేటర్, వేడినీళ్ళు ఉంటాయి, మేం ఉన్న గెస్ట్‌హౌస్‌లో కరెంటు పోతే పోయినట్టే. అయినా మళ్ళీ వెళ్తే గెస్ట్‌హౌస్‌లోనే ఉంటా. మెట్ల మీద కూర్చుని ఆ ఇంటి పెద్దావిడ బిలుమ్ సంచి అల్లుతూ ఉండేది, సూది లేకుండా వేళ్ళకి దారం చుట్టుకుంటూ, రోజూ పొద్దున ఉడికించిన కౌకౌ, అదే చిలగడదుంప, పెట్టేది, షోలో ఏ బృందం ఎక్కడ సింగారించుకుంటుందో కూడా ఆవిడే చెప్పింది.

ఆ మాటే మా ఫొటోలని నిలబెట్టింది. అందరూ గ్రౌండ్‌లో నృత్యం మొదలయ్యాక వస్తారు, అప్పటికి పది దాటుతుంది. గొరోకా భూమధ్యరేఖకి ఆరు డిగ్రీలే దక్షిణం, సెప్టెంబర్‌లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీద ఉంటాడు, ఈకల కిరీటాల నీడ కళ్ళ మీద పడి మొహాలన్నీ నల్లగా వస్తాయి. పొద్దున ఏడింటికే బయట చెట్ల కింద ఒకరి మొహానికి ఒకరు రంగులు వేసుకుంటూ, చిన్న అద్దంముక్క మోకాళ్ళ మధ్య పెట్టుకుని చూసుకుంటూ ఉంటారు, ఆ వెలుతురు మెత్తగా ఉంటుంది, ఎవరికీ తొందర ఉండదు. అసారో మడ్‌మెన్ అనే బృందంవాళ్ళు ఒంటికి తెల్లమట్టి పూసుకుని మట్టి ముసుగులు పెట్టుకుంటారు, ఎండలో ఆ తెలుపు ఫొటోలో వివరాలేం లేకుండా కాలిపోతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించుకోండి.

ఫొటో తీసేముందు అడగాలి, అక్కడ ఎక్కువమంది మాట్లాడే తోక్ పిసిన్ భాషలో నాలుగు ముక్కలు వస్తే చాలు. "మి కెన్ కిసిమ్ పోటో బిలోంగ్ యు?", అంటే మీ ఫొటో తీసుకోవచ్చా, అని అడిగితే నవ్వుతూ ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ, "నోగట్" అంటే వద్దని, అక్కడితో కెమెరా దించేయాలి. ఊళ్ళకి వెళ్తే డబ్బు సంగతి గైడ్ ముందే పెద్దలతో మాట్లాడి పెడతాడు, మనం ఒక్కొక్కరికీ విడిగా పంచితే గొడవలవుతాయట. అక్కడి డబ్బు కినా, నోట్లు ప్లాస్టిక్‌వి, 2, 5, 10 చిన్న నోట్లు మోర్స్‌బీలోనే మార్పించుకోండి, ఊళ్ళలో చిల్లర ఉండదు, కార్డు పనిచేయదు. నేను ఇన్‌స్టంట్ ప్రింటర్ ఒకటి పట్టుకెళ్ళా, మొత్తం సామానులో దానికన్నా పనికొచ్చింది ఇంకోటి లేదు. మొదటిరోజు తీసిన ఫొటో చేతిలో పెడితే రెండోరోజు వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు, ఇంట్లో ముసలాయన్ని తీసుకొచ్చి నిలబెట్టి ఈయన్ని తియ్యి అన్నారు. పేపర్ ప్యాకెట్లు ఇంకో మూడు ఎక్కువ పెట్టుకోవాల్సింది.

షో తర్వాత బావగారి కోసం, పక్షులు చూడ్డానికి, హాగెన్ అవతల ఉన్న కుముల్ లాడ్జ్‌కి వెళ్ళాం. గొరోకా నుంచి హాగెన్ దాకా హైలాండ్స్ హైవే మీద గైడ్ బండిలో, డౌలో పాస్ ఎక్కి దిగి. ఈ రోడ్డు ఒక్కోసారి కొండచరియలతోనో తెగల గొడవలతోనో మూసేస్తారు, అందుకని ముందురోజు రాత్రి అడిగి, తెల్లారగానే బయల్దేరి, చీకటి పడకముందే చేరాలి. లాడ్జ్ 2700 మీటర్ల పైన ఉంది, చలి బాగా ఉంటుంది, మంచుకి బట్టలు ఆరవు. కానీ రిబ్బన్ టెయిల్డ్ ఆస్ట్రాపియా అనే ఇంకో రకం బర్డ్ ఆఫ్ పారడైజ్ పళ్ళు పెట్టే బల్ల దగ్గరికే వస్తుంది, మగదాని తోక మీటరు దాకా ఉంటుంది, తెల్లటి రెండు రిబ్బన్లలాగా. అడవి చీకటి కాబట్టి ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతురుని పట్టే సున్నితత్వం, 3200 కిందకి రాలేదు. బావగారు రెండు రోజులూ ఆ వరండా వదిలి కదల్లేదు, వరిరాటా బెంగ అక్కడ తీరింది. మనుషుల ఫొటోలే కావాలి అనుకునేవాళ్ళు ఇది మానేసి ఆ రెండు రోజులు గొరోకా చుట్టుపక్కల ఊళ్ళకి పెట్టుకోండి.

ఈకలున్న వస్తువులు ఎంత బాగున్నా కొనకండి, బర్డ్ ఆఫ్ పారడైజ్ ఈకలు దేశం దాటించడానికి ఒప్పుకోరు. బిలుమ్ సంచులు కొనండి, నేను ఆ పెద్దావిడ దగ్గరే రెండు కొన్నా.

హాగెన్ నుంచి మా ఫ్లైట్ ఆరోజు ఎగరలేదు, మర్నాడు ఎగిరింది. ఖాళీ రోజు ఉంచుకున్నాం కాబట్టి మోర్స్‌బీలో ఇంకా ఒక పూట మిగిలింది, బావగారు టాక్సీలో కూర్చుంటూనే "వరిరాటాకి మళ్ళీ ఎన్నింటికి లేవాలి?" అన్నారు. కెమెరాలు ఆ రాత్రి బాత్రూములోనే పెట్టాం.