స్ప్రింగ్ ఉయ్యాల, మోటారు: నిద్రపుచ్చడానికి సరే, తెల్లవార్లూ పడుకోబెట్టడానికి కాదు

స్ప్రింగ్ ఉయ్యాలలో ముఖ్యమైన భాగాలు నాలుగు: పైన తగిలించే కొక్కెం, స్టీలు స్ప్రింగు, గుడ్డ అంచులను విడదీసి పట్టే రాడ్డు, కింద నూలు జోలె. మోటారు విడిగా కొనాలి. స్ప్రింగుకు తగిలిస్తే జోలెను అదే పైకీ కిందికీ ఆడిస్తుంది. తల్లి పాలిచ్చాక నిద్రపుచ్చే పని తండ్రి చూసుకునే ఇంట్లో ఇది కొనదగ్గ వస్తువే. కానీ కొట్లో చెప్పినట్టు వాడకండి.

"స్విచ్ వేసి మీరు పడుకోండి, పొద్దున దాకా లేవదు" అంటారు. జోలె గుడ్డ బరువుకు కుంగుతుంది, దాంతో బిడ్డ వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలవని పసిబిడ్డకు అలా తల ముందుకు వాలితే ఊపిరి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఏడుపు కూడా వినిపించదు. ఒత్తిగిలితే ముక్కు గుడ్డ మడతలో కూరుకుంటుంది. అమెరికాలో ఏటవాలు పడకలో పసిపిల్లలు చనిపోయాక ఫిషర్ ప్రైస్ సంస్థ రాక్ ఎన్ ప్లే పడకను 2019లో వెనక్కి తీసుకుంది. 10 డిగ్రీలకు మించి వాలు ఉన్న పసిపిల్లల పడకలను 2022లో అక్కడ చట్టమే నిషేధించింది. మన జోలె ఆకారం వేరైనా తల ముందుకు వాలే ప్రమాదం అదే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే డాక్టరును అడగకుండా అసలు వాడొద్దు.

కాబట్టి ఉయ్యాల పని నిద్రలోకి దించడం వరకే. మొదటి నెలల్లో బిడ్డకు రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. ఆకలి ఏడుపును ఊపి జోకొట్టకూడదు. పిడికిలి నోట్లో పెట్టుకుంటున్నా, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నా ముందు తల్లికి అందించండి. డైపరు పాల మధ్యలోనే మార్చేయడం మేలు, నిద్ర పట్టాక మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత భుజాన వేసుకుని త్రేన్పు వచ్చాకే ఉయ్యాల.

ఇక చాలామంది తప్పేది మంచం మీదికి మార్చే దగ్గర. కళ్లు మూయగానే ఎత్తితే లేచిపోతుంది, ఎందుకంటే పసిపిల్లలు ముందు పలుచని నిద్రలోకే వెళ్తారు. రెప్పల కింద కనుగుడ్లు కదులుతుంటాయి, పెదాలు చప్పరిస్తుంటారు, ఊపిరి ఒక తీరుగా ఉండదు. ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చు. పిడికిలి విడి, చెయ్యి కొంచెం ఎత్తి వదిలితే బరువుగా వాలిపోయినప్పుడు గాఢనిద్ర పట్టినట్టు. అప్పుడు ఊపు ఆపి ఒక అరనిమిషం అలాగే ఉంచండి. పరుపుకు ముందు పిర్రలు, ఆ తర్వాత వీపు, చివరికి తల ఆనాలి. తల ముందు దించితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడి చేతులు విసురుతుంది. ఛాతీ మీద అరచెయ్యి ఒక నిమిషం ఉంచి మెల్లగా తీయండి. వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. దిండు, బొంత, బొమ్మలు ఏవీ దగ్గర ఉండకూడదు.

మోటారు విషయానికొస్తే, టైమరు ఉన్నదే తీసుకోండి, అన్నిటికంటే తక్కువ వేగంలోనే నడపండి. మీరు గదిలో మెలకువగా ఉండి, ఉగ్గుగిన్నె కడుక్కోవడానికో తడి గుడ్డలు సర్దడానికో చేతులు ఖాళీ కావాలంటే బాగా పనికొస్తుంది. అయితే బిడ్డ దాదాపు గంటకోసారి సగం మేలుకుంటుంది. ఊపులోనే నిద్రపోవడం అలవాటైతే ప్రతిసారీ ఆ ఊపే అడుగుతుంది. కరెంటు పోయి మోటారు ఆగినా మేలుకోవచ్చు. ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో పెట్టుకోండి.

బిగించడంలో అశ్రద్ధ చేయకండి. శ్లాబు పోసేటప్పుడే వేసిన ఫ్యాన్ హుక్కు, తుప్పు పట్టకుండా ఉంటే, నమ్మదగ్గది. ఫాల్స్ సీలింగుకు కొట్టిన మేకు బరువు ఆపదు. ఎస్ ఆకారపు కొక్కేల నోళ్లు కాలంతో విచ్చుకుంటాయి, వాటిని నొక్కి మూయించాలి. స్ప్రింగు తెగినా జోలె పడిపోకుండా కొక్కెం నుంచి రాడ్డు దాకా ఒక గట్టి తాడు కూడా వదులుగా కట్టి ఉండాలి. అది లేని ఉయ్యాల కొనకండి. జోలె బాగా కిందికి దిగినప్పుడు కూడా నేలకు తగలకూడదు, కింద బొంత పరిచి ఉంచండి. స్టాండు రకమైతే నట్లు వదులై కిర్రుమంటాయి, వారానికోసారి బిగించండి. పెద్ద పిల్లలను దాంతో ఆడనివ్వకండి, తాడు మెడకు చుట్టుకోగలదు.

బిడ్డ బోర్లాపడటం మొదలుపెట్టిందంటే ఉయ్యాల విప్పేయాల్సిందే, బరువు పరిమితి మిగిలి ఉన్నా సరే. చుట్టాలింటి నుంచి పాత ఉయ్యాల తెచ్చుకుంటుంటే గుడ్డ ఉతికి వాడుకోవచ్చు గానీ స్ప్రింగు మాత్రం ఖాళీగా వేలాడదీసి చూడండి. చుట్ల మధ్య సందులు కనిపిస్తే అది సాగిపోయింది, కొత్తది కొనండి.