పెరియమేట్ సందులో కుట్టించుకున్న బూట్లు, 14 నెలల తర్వాత

మెడికల్ రెప్ ఉద్యోగంలో సగం నడక, సగం నిలబడటం. పొద్దున తొమ్మిదికి చెన్నై వేళచ్చేరిలో ఇల్లు వదిలితే రాత్రి తొమ్మిదిన్నరకి కూడా ఏదో ఒక డాక్టరుగారి గది బయట గోడకి ఆనుకుని ఉంటాను, కుర్చీలు పేషెంట్లవి కదా. చొక్కా నలిగితే ఎవరూ ఏమీ అనరు గానీ బూట్లకి దుమ్ముంటే మాత్రం మా మేనేజరు కళ్లు ముందు అక్కడికే పోతాయి.

అసలు ఈ బూట్లు కుట్టిన పెరియమేట్ దుకాణం దాకా వెళ్లడానికి కారణం నాకు జరిగిన ఒక అవమానం. మా బాబాయి కూతురి పెళ్లికని ఒక మాల్‌లో, బాగా పేరున్న షోరూంలో 3,999 పెట్టి నల్ల బూట్లు కొన్నాను. నాలుగైదు సార్లు వేసుకుని, పాడైపోతాయేమోనని పెట్టెలో పెట్టి అటక మీద దాచాను. మూడేళ్ల తర్వాత తీస్తే కొత్తవాటిలా మెరుస్తున్నాయి, సంబరంగా వేసుకుని అన్నానగర్‌లో ఒక క్లినిక్‌కి వెళ్లాను. మెట్లెక్కుతుంటే కాలి కింద ఏదో మెత్తగా నలిగినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లటి టైల్స్ మీద వరసగా నల్లటి ముక్కలు, అచ్చం కేకు పొడి రాలినట్టు. రిసెప్షన్‌లో అమ్మాయి ఒక్క మాట కూడా అనకుండా చీపురు తెచ్చింది, తిట్టినా బాగుండేది.

తర్వాత తెలిసింది, ఆ సోల్ పీయూ, అంటే పాలియూరిథేన్. వేసుకుంటే తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, అందుకే షాపులో నాలుగడుగులు వేయగానే మనం బుట్టలో పడిపోతాం. కానీ గాలిలో తేమకి అది లోలోపలే విరిగిపోతూ ఉంటుంది, వాడకుండా దాచినా సరే. చెన్నైలో తేమకేం కొదవ! అందుకే పీయూ సోల్ కొంటే దాచుకోకుండా వాడేయాలి. నాలా అటకెక్కించారా, చీపురు కూడా వెంట తీసుకెళ్లండి.

ఇక దుకాణం సంగతి. సెంట్రల్‌లో దిగి రిప్పన్ బిల్డింగ్ పక్కనుంచి నెహ్రూ స్టేడియం వైపు నడిస్తే పెరియమేట్ వస్తుంది. సిడెన్‌హామ్స్ రోడ్డు చుట్టుపక్కలంతా తోలు వ్యాపారమే, వాసనే దారి చూపిస్తుంది. ఈ దుకాణానికి బోర్డు కూడా లేదు, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు బయట నిలబడాలి. యజమానిది ఆంబూరు అనే ఊరు, అందరూ బాయ్ అనే పిలుస్తారు. ఆంబూరంటే మనవాళ్లకి బిర్యానీయే గుర్తొస్తుంది గానీ, అక్కడ తయారైన బూట్లు విదేశాలకు వెళ్తాయి, మనమేమో మాల్‌లో అట్టకి గమ్ము రాసినవి కొంటాం.

నా రాలిపోయిన బూటు చూపిస్తే తమిళం కలిపిన తెలుగులో, "తంబీ, మెరుపు చూసి కొన్నావా? బూటుని తిప్పి చూడాల" అని నవ్వాడు. ఎక్కువ బూట్లకి పై తోలుని సోల్‌కి గమ్ముతోనే అంటిస్తారట. తప్పేం లేదు, తేలిగ్గా ఉంటాయి, ధర తక్కువ. కానీ సోల్ అరిగిందా, ఎక్కువ సార్లు జత మొత్తం పారేయడమే. అదే గుడ్‌ఇయర్ వెల్ట్ అనే పద్ధతిలో పై తోలుకి చుట్టూ ఒక పట్టీ కుట్టి, ఆ పట్టీకి సోల్ కుడతారు. అరిగితే ఆ కింది కుట్టు విప్పి కొత్త సోల్ వేయొచ్చు, పైభాగం జోలికి పోనక్కర్లేదు. అంచున కుట్టు కనిపించిందని మాత్రం మోసపోవద్దు, కొన్నింటికి అది ఉత్త అలంకారం. తిప్పి చూస్తే కిందా కుట్టు దారి కనిపించాలి.

సోల్ రబ్బరుదే అడగండి. తోలు సోల్ సినిమా హీరోకి బాగుంటుంది, నవంబరు వానల్లో వేళచ్చేరి రోడ్ల మీద కాదు. పై తోలు విషయంలో బాయ్ పరీక్ష సులువు: బొటనవేలితో నొక్కితే సన్నటి ముడతలు రావాలి, పూత దట్టంగా పూసిన దాని మీద అలా రావు. అలాంటి పూత కొన్నాళ్లకి మడత పడేచోట పగిలిపోతుంది. "జెన్యూన్ లెదర్" అని ముద్ర ఉన్నంత మాత్రాన మంచి తోలని కాదు.

కొలత కోసం సాయంత్రం రమ్మన్నాడు, పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి. రోజూ వేసుకునే సాక్సులతోనే నిలబెట్టి, కాగితం మీద రెండు పాదాలూ గీశాడు. నా ఎడమ పాదం పెద్దదని ముప్పై నాలుగేళ్లకి తెలిసింది! ఇన్నాళ్లూ వెడల్పు చాలక 8 బదులు 9 కొని, మడమ దగ్గర జారుతుంటే సైజు తప్పనుకునేవాణ్ణి. చిన్నప్పట్నుంచీ చెప్పులతో తిరిగిన పాదాలు కదా, ముందు భాగం వెడల్పు. అలాంటి కాలికి డెర్బీ అనే మోడల్ నయం, లేసు రెక్కలు రెండు వైపులా బాగా తెరుచుకుంటాయి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆ వీలుండదు.

ధర 5,200. వారంలో ఇస్తానని పదిహేడు రోజులు తిప్పాడు, ఫోను చేస్తే "రేపు తంబీ" తప్ప ఇంకో మాట లేదు. బిల్లు లేదు, కార్డు తీసుకోడు. మొదట్లో బరువుగా, బిగుతుగా ఉండి చిటికెన వేలి దగ్గర కరిచాయి కూడా. తీసుకెళ్తే చెక్క అచ్చు ఎక్కించి ఒక రాత్రి ఉంచి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. మూడో వారం నుంచి మాత్రం కాళ్ల మీద ధ్యాసే పోయింది. రాత్రి ఇంటికొచ్చి వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకోవడం మానేశానని మా ఆవిడే గమనించింది.

14 నెలల్లో మడమ బయటి అంచు అరిగింది, పై తోలుకి ఏమీ కాలేదు. ఒక రోజు వేస్తే ఒక రోజు ఆరనిస్తాను, ఆ రోజు పాత జత. తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను కింద పెడతాను, ఎండలో పెడితే తోలు బిరుసెక్కుతుంది. డబ్బా పాలిష్, బ్రష్షు, అంతే, స్పాంజితో రుద్దే లిక్విడ్ దగ్గరికి రానివ్వను.

ఏసీ గదిలో కూర్చుని పనిచేసే ఓఎంఆర్ రోడ్డు ఐటీవాళ్లకి ఇదంతా అనవసరం, నల్ల స్నీకర్లు చాలు. ఆడవాళ్లకి ఇక్కడ మోడల్స్ తక్కువ, మా ఆవిడకి ఒక్కటీ నచ్చలేదు. బ్రౌన్ జత కోసం నేను వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. మీరు వెళ్తే శుక్రవారం మధ్యాహ్నం వద్దు, నమాజుకని దుకాణం మూసేస్తాడు, బండి కూడా తీసుకెళ్లొద్దు, ఆ సందులో పెట్టడానికి చోటుండదు.